పొగ గొట్టం ఎక్కడుంది?

(ఒంగోలులో ఒక ఆదివారం ఉదయం ఆటో డ్రైవర్లు, టిప్పర్ ఓనర్లు, డిప్లొమా విద్యార్థులు కూర్చున్న సభలో రిటైర్డ్ ఆటోమొబైల్ లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు చెయ్యెత్తండి. సరే, వినపడుతోంది.

ముందు ఒక పని చేసి, ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఇది చూడండి. మా ల్యాబులో వాడే గాజు కొలజాడీ. నూరు మిల్లీలీటర్ల దాకా గీతలున్నాయి, పైన మూత ఉంది. పొద్దున బంకులో పట్టించిన పెట్రోలు ఇందులో సరిగ్గా 90 గీత దాకా పోశాను. ఇప్పుడు దీంట్లో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తున్నాను. మీకు దూరం నుంచి కనపడాలని ఆ నీళ్లలో ఒక చుక్క నీలం ఇంకు కలిపాను. ఇదిగో, మూత బిగించాను. ఊపుతున్నాను. ఈ బల్ల మీద పెట్టేస్తున్నాను. కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి ఇక్కడ చేస్తున్నా, ఇది చూసి మీరు ఇంట్లో, వంటింటి పక్కన చేయొద్దు. నీళ్లు ఎన్ని పోశాం? పది. పదే కదా? గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

మొన్న ఒక ఆటో తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పనులే. "సార్, పాత డీజిల్ ఆటో అమ్మేస్తున్నా. సీఎన్జీ తీసుకోనా, కరెంటుది తీసుకోనా? ఏది క్లీన్?" అన్నాడు. నేను అడిగాను: "రాత్రిపూట బండి ఎక్కడ పెడతావ్?" అని. అవతల కాసేపు చప్పుడు లేదు. పొగ సంగతి అడిగితే ఈయన పార్కింగ్ సంగతి అడుగుతాడేంది అనుకుని ఉంటాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో చెప్పడానికే ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

ముందు పొగ. లీటరు పెట్రోలు బరువెంత? ముప్పావు కిలో. కొంచెం అటూ ఇటూ. ఆ ముప్పావు కిలో ఇంజన్లో కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎంత? డిప్లొమా పిల్లలు చెప్పాలి. అర కిలోనా? కాదు. కిలోనా? కాదమ్మా. 2.3 కిలోలు. ముప్పావు కిలో పోసి రెండు కిలోల పైన ఎలా తీశాం? మాయేం లేదు. పెట్రోల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్ని పట్టుకుంటుంది, అదనపు బరువంతా ఆ గాలిదే. డీజిల్ అయితే లీటరుకి 2.7 కిలోల దాకా. సీఎన్జీ కిలోకి 2.75. అరె, సీఎన్జీ ఎక్కువుందే అనుకోకండి. అక్కడ లీటరు, ఇక్కడ కిలో. కిలో సీఎన్జీతో బండి చాలా దూరం పోతుంది. కిలోమీటరుకి లెక్కేస్తే పెట్రోలు కంటే ఐదో వంతు దాకా తగ్గుతుంది.

ఇది ఒక రకం పొగ. కంటికి కనపడదు, ముక్కుకి తగలదు, ఊళ్లో ఎవరికీ దగ్గు రాదు. కానీ భూమి వేడెక్కేది ఎక్కువగా దీనితోనే. రెండో రకం మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు. పిల్లల్ని ఆస్పత్రికి తీసుకుపోయేది ఇది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకుంటాం కాబట్టే మన వాదనలు తెగవు. ఢిల్లీలో బస్సులన్నీ సీఎన్జీకి మార్చమని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 చివరికి అది పూర్తయింది. అప్పటి గొడవ రెండో రకం పొగతో. అప్పటి డీజిల్లో గంధకం దండిగా ఉండేది. ఇప్పుడు? 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 డీజిల్, అంటే భారత్ స్టేజ్ అనే పొగ నియమాల్లో ఆరో మెట్టు. గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు. అంతకుముందు బీఎస్ 4లో 50. కాబట్టి ఫిల్టరు బాగుండి, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే యూరియా నీళ్లు, అదే యాడ్‌బ్లూ సక్రమంగా పోసుకునే కొత్త టిప్పరు వెనక నిలబడినా తెల్ల చొక్కా తెల్లగానే ఉంటుంది. యాడ్‌బ్లూ ఖర్చని సెన్సారును మోసం చేసి, ఫిల్టరు పీకించిన టిప్పరు సంగతి వేరే. నేను ఎవర్నీ చూడట్లేదు. నా కళ్లజోడు దూరానికి ఆనదు.

సరే, సీఎన్జీ. మీ ఆటో టైరులో గాలి ఎంత పట్టిస్తారు? ముప్పై పాయింట్లు, ముప్పై అయిదు. సీఎన్జీ సిలిండర్లో ఎంతుంటుందో తెలుసా? 200 బార్. మన పాయింట్లలో దగ్గర దగ్గర 2,900. టైరుకి వంద రెట్లు. మీ సీటు కింద అంత ఉంది. భయపడమని కాదు చెప్పేది. ఆ సిలిండర్ దానికోసమే చేసింది, మందంగా ఉంటుంది. కానీ మూడేళ్లకోసారి దానికి నీళ్ల పరీక్ష చేయించాలి. హైడ్రో టెస్ట్ అంటారు. ఎప్పుడు చేశారో గ్యాస్ పట్టించే వాల్వు దగ్గర ఒక చిన్న ప్లేటు మీద ఉంటుంది. మీ ప్లేటు మీద ఏ తేదీ ఉందో ఇప్పుడు చూడకుండా చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? ఒకటి... రెండు చేతులు. బయట ఎన్ని ఆటోలున్నాయి? ముప్పై పైనే ఉన్నాయి.

ఇంకో మాట. బంకులో గంట నిలబడ్డాక "ప్రెషర్ లేదన్నా" అంటాడు కదా కుర్రాడు. వాడి మీద అరవకండి. పైపులైను నేరుగా రాని బంకులకి గ్యాస్ లారీ మీద సిలిండర్ల గుత్తిలో వస్తుంది. ఒక్కో బండికి పడుతూ పోతుంటే గుత్తిలో ఒత్తిడి తగ్గుతూ ఉంటుంది. వరసలో వెనకాల ఉన్నవాడికి తక్కువ పడుతుంది. పైగా మన రోహిణి కార్తె ఎండలో, వేడి గ్యాస్ అదే ఒత్తిడికి తక్కువ బరువు పడుతుంది. తెల్లవారుజామున పట్టిస్తే రెండు ముద్దలు ఎక్కువ తిన్నట్టు ఉంటుంది బండికి.

ఎల్పీజీ ఆటోలు కూడా ఉన్నాయి మనలో. ఎల్పీజీకి ఇంత ఒత్తిడి ఉండదు, నిజమే. కానీ అది గాలి కంటే బరువు. లీకైతే కిందనే కూర్చుంటుంది, బండి కింద, కాలవలో, గుంటలో. సీఎన్జీ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. అందుకే ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండర్లోంచి పైపు పెట్టి ఆటోలోకి ఎక్కించే పని ఉంది చూశారూ, అది చట్టవిరుద్ధం అన్నది తర్వాతి మాట, ముందు అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు కరెంటు. "పొగే రాదు సార్, దీనికి పొగ గొట్టమే లేదు" అంటారు. ఎందుకు లేదు? ఉంది. నేలటూరులో ఉంది. కృష్ణపట్నం రేవు పక్కన, ముత్తుకూరు మండలంలో. దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్, 800 మెగావాట్లవి మూడు యూనిట్లు. మీ ఆటో పొగ గొట్టాన్ని ఊడబీకి అక్కడ నిలబెట్టారు, అంతే. అయితే ఒంగోలు ట్రంకు రోడ్డు మీద స్కూలుకి నడిచి పోయే పిల్లకి ఆ తేడా చిన్నది కాదు. మసి దాని ముక్కు ముందు రాదు. కానీ నేలటూరు చుట్టుపక్కల ఊళ్లలో కూడా పిల్లలున్నారు. ఆ మాట కూడా అనుకోవాలి కదా.

లెక్క చూద్దామా? మన దేశంలో కరెంటంతా కలిపి సగటు తీస్తే ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. బొగ్గు ఎక్కువ కాబట్టి. కరెంటు స్కూటర్ నూరు కిలోమీటర్లకి మూడు యూనిట్లు తాగుతుంది. అంటే 2.1 కిలోల పొగ. పెట్రోలు స్కూటర్ లీటరుకి 45 ఇస్తే, నూరు కిలోమీటర్లకి 5 కిలోలు. సగం కూడా లేదు. ఆటో తీసుకోండి. కరెంటు ఆటో నూరు కిలోమీటర్లకి, చార్జర్‌లో పోయే నష్టం కూడా కలిపి ఎనిమిది యూనిట్లు అనుకుందాం. 5.6 కిలోలు. లీటరుకి 30 వచ్చే డీజిల్ ఆటో 9 కిలోలు. కిలోకి 35 వచ్చే సీఎన్జీ ఆటో 8కి కాస్త తక్కువ.

ఇక కారు. కరెంటు కారు నూరు కిలోమీటర్లకి చార్జింగ్ నష్టంతో 17 యూనిట్లు, అంటే 12 కిలోలు. లీటరుకి 18 ఇచ్చే పెట్రోలు కారు 12.8. తేడా ఏదీ? బావి దగ్గర్నుంచి రిఫైనరీ దాకా పెట్రోలుకయ్యే పొగ నేను కలపలేదు, అది కలిపితే కరెంటు కారు ఇంకొంచెం మెరుగు. మరి బ్యాటరీ తయారీలో వచ్చే పొగ కూడా కలపలేదు, అది కలిపితే మళ్లీ కాస్త కిందికి. ఇంటి మీద సోలార్ పలకలున్నవాడి లెక్క వేరే. నేను చెప్పేదేమంటే, రెండు టన్నుల కరెంటు కారు కొని, దాంట్లో ఒక్కడే కూర్చుని, నేను పర్యావరణాన్ని కాపాడుతున్నా అనేవాడి కంటే, కరెంటు షేర్ ఆటోలో ఆరుగురు పోతున్నారు చూశారా, వాళ్లు ఎక్కువ కాపాడుతున్నారు. ఆరుగురే అన్నాను. పదిమందిని ఎక్కిస్తే నాకు సంబంధం లేదు.

డబ్బు సంగతి. ఎనిమిది యూనిట్లు, యూనిట్ తొమ్మిది రూపాయలే వేసుకోండి, 72 రూపాయలు. డీజిల్ ఆటోకి అదే నూరు కిలోమీటర్లకి మూడు లీటర్ల పైన, మూడు వందలు దాటుతుంది. సీఎన్జీ ఈ రెండింటి మధ్యలో, డీజిల్‌కి దగ్గరగా ఉంటుంది. ఈ వారం బోర్డు మీద ఉన్న రేటు మీరే వేసుకుని చూసుకోండి.

ఇంత తేడా ఉంటే అందరూ ఎందుకు మారట్లేదు? ఇప్పుడు అడగండి నన్ను, రాత్రి బండి ఎక్కడ పెడతావని ఎందుకు అడిగానో. అద్దింట్లో ఉంటాడు. బండి సందులో పెడతాడు. ప్లగ్గు మేడ మీద ఉంటుంది. కిటికీలోంచి వైరు వేలాడదీస్తాడు, అది 5 ఆంపుల ప్లగ్గు, దానికి ఎర్తు ఉందో లేదో దేవుడికే తెలియాలి. సరే, సొంతిల్లే అనుకుందాం. రోజుకి ఎనిమిది యూనిట్లు, నెలకి ఇరవై ఆరు రోజులు. ఎంత? 208 యూనిట్లు. ఇంట్లో ఇప్పటికే 150 కాలుస్తున్నాడు. మొత్తం 358. ఏ శ్లాబులోకి పోయాడు? బిల్లు చూసి ఆవిడ ఏమంటుంది? అది చెప్పాల్సిన పని లేదు. ఇంటి మీటరు మీద వేయకండి. చార్జింగ్‌కి విడిగా కేటగిరీ ఉంది, విద్యుత్ ఆఫీసులో అడగండి. లేదా ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుంది. మూడు కిలోవాట్లంటే మన ఎండకి రోజుకి ఓ పన్నెండు యూనిట్లు. ఆటో ఎనిమిది, ఇంటికి నాలుగు.

బ్యాటరీ మాట కూడా చెప్పి వదిలేస్తా. తిరిగి తిరిగి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి. అది అప్పటికే కాగి ఉంటుంది. ఒక గంట ఆరనివ్వండి. మెట్ల కింద పెట్టి చార్జ్ చేయకండి. ఎందుకు? ఏదైనా అయితే ఇంట్లోవాళ్లు దిగే దారి అదొక్కటే. కొత్త బ్యాటరీ అంటే లక్ష పైమాటే, అది అప్పు తీరేలోపు వస్తుందా, తీరాక వస్తుందా అన్నది కొనేటప్పుడే గ్యారంటీ కాగితం చదివి తేల్చుకోండి. కాగితం చదవమంటే నవ్వుతారేంది?

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. ఎవరైనా ఒకరు రండి. నువ్వు రా అమ్మా. కళ్లు గీతకి సమానంగా పెట్టి చూడు. కింద నీలంగా ఉన్న పొర ఎక్కడి దాకా ఉంది? గట్టిగా చెప్పు. ఇరవై ఆరు? ఇరవై ఏడు? విన్నారా. మనం పోసిన నీళ్లు ఎన్ని? పది. పది ఇరవై ఏడెలా అయినయ్? పెట్రోలు నీళ్లుగా మారిందా?

ఆ 90 మిల్లీలీటర్ల పెట్రోల్లో ఇరవై శాతం, అంటే 18 మిల్లీలీటర్లు, ఇథనాల్. సారాయే అనుకోండి, తాగేది కాదు అంతే. దానికి పెట్రోలంటే ఇష్టమే, కానీ నీళ్లంటే ఇంకా ఇష్టం. నీళ్లు కనపడగానే పెట్రోలుని వదిలేసి కిందికి దిగింది. పదీ పద్దెనిమిదీ ఇరవై ఎనిమిది. కొద్దిగా పైన ఉండిపోయింది. లీటరు పెట్రోల్లో చెంచాడు నీళ్లు పడితే కలిపేసుకుంటుంది, ఏమీ కాదు. అది దాటిందా, ఇలా విడిపోతుంది. పైపు ట్యాంకు అడుగున ఉంటుంది. అడుగున ఏముంది? నీళ్లూ సారాయీ. ఇంజను ఏం తాగుతుంది?

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నా స్కూటర్‌కే అయింది. ట్యాంకు మూత రబ్బరు అరిగిపోయి ఉంది, మారుద్దాం మారుద్దాం అనుకుంటూ ఉన్నాను. మెకానిక్కులకి పాఠాలు చెప్పినవాణ్ణి, నా మూత రబ్బరు మార్చలేదు. కార్తీక మాసం ముసురు. వారం రోజులు వాన. బండి బయటే. తర్వాత కిక్కు కొడితే ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. నా దగ్గర చదువుకున్న కుర్రాడి షెడ్డుకే తోసుకుంటూ పోయాను. వాడు ట్యాంకు ఒంచి సీసాలోకి పట్టి, నా ముందు పెట్టి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. అడుగున నాలుగు వేళ్ల పొర. నలభై రూపాయల రబ్బరు.

అంటే ఇథనాల్ చెడ్డదా? అలా అనను. 2014లో మన పెట్రోల్లో ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2025కి 20. మనం వాడే ముడిచమురులో 85 శాతం పైన దిగుమతి. దాంట్లో కొంత మన పొలంలోంచి వస్తే మంచిదే కదా. మైలేజీ గురించి నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. పాత పద్ధతిలో చేసిన కార్లకి 6 నుంచి 7 శాతం, టూ వీలర్లకి 3 నుంచి 4 శాతం తగ్గుతుందని. 20 శాతానికి తగ్గట్టు సర్దిన కార్లకి ఒకటి, రెండు శాతమే. ఎందుకు తగ్గుతుంది? ఇథనాల్లో ఉండే సత్తువ పెట్రోలులో మూడింట రెండు వంతులే. లీటరుకి యాభై వచ్చే బండి నలభైకి పడిపోయిందంటే అది ఇథనాల్ పని కాదు, కార్బురేటర్ చూపించుకోండి. అలాగే "ఏమీ తగ్గదు" అని ఎవరైనా అంటే అదీ నిజం కాదు. చవకా అంటే చవకా కాదు. 2025లో ఆయిల్ కంపెనీలకి ఇథనాల్ లీటరు సగటున 71 రూపాయల పైనే పడింది.

నా అనుమానం ఇంకో చోట. పొగ గొట్టం ఎక్కడుందని అడుగుతున్నాం కదా. ఇథనాల్ పొగ గొట్టం పొలంలో ఉంది. స్కూటర్లో అయిదు లీటర్లు కొట్టిస్తే ఒక లీటరు ఇథనాల్. అది నూకలతో చేసిందైతే రెండు కిలోల పైన నూకలు. మీరు అయిదు లీటర్లు పోయించుకున్న ప్రతిసారీ ఒక ఇంటి రెండు పూటల అన్నం పోసుకున్నట్టు. మొలగొలుకుల వరి పండించిన నెల్లూరు పక్కన కూర్చుని ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంది. పాడైన ధాన్యం, పురుగు పట్టిన బియ్యం అయితే బంగారంలా చేయండి. కానీ 2023లో బియ్యం కొరతొస్తుందని, కేంద్రం ధాన్యం గోదాములు నడిపే ఎఫ్‌సీఐ బియ్యం ఇథనాల్‌కి ఇవ్వడం ఆపేశారు, తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. బియ్యం లేనప్పుడు మొక్కజొన్న మీద పడ్డారు. కోళ్ల ఫారాలవాళ్లని అడగండి దాణా రేటు ఏమైందో. సోమశిల నీళ్లు, మోటారు కరెంటు, యూరియా, ట్రాక్టర్ డీజిల్, ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఆ లీటరు ఎంత పచ్చనిదో తేలుతుంది. పనికిరాని దాంతో చేస్తే పచ్చన, అన్నంతో చేస్తే కాదు. నా లెక్క అది.

పొలంలోంచి డీజిల్ అన్న ఆశ కూడా పాతదే. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజన్ని శనక్కాయ నూనెతో నడిపి చూపించారు. మన ఇసుక నేలల్లో పండే శనక్కాయే. ఇరవై ఏళ్ల కిందట మనకి అడవి ఆముదం జ్వరం పట్టింది. జట్రోఫా. గుర్తుందా పెద్దాయనా? మీరు తల ఊపుతున్నారంటే వేసినట్టున్నారు. మా బావమరిది వేశాడు, రెండెకరాలు. బీడు భూమిలో నీళ్లు లేకుండా పండుతుందన్నారు. మొక్క బతికింది, అబద్ధం చెప్పకూడదు. కాయలే కాయలేదు. నీళ్లు పెడితే కాస్తుంది, నీళ్లు పెట్టే పొలం ఉంటే మిరప వేసుకుంటాడు గానీ జట్రోఫా ఎందుకు? కాసిన నాలుగు కాయలు కొంటామన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. చివరికి మేకలు కూడా ముట్టకపోతే కంచె కింద ఉంచుకున్నాడు. ఇప్పటికీ ఉంది ఆ కంచె.

అందుకే 2025 ఏప్రిల్లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో రిలయన్స్ వాళ్ల బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగితే మా బావమరిది నన్నే అడిగాడు, "ఇది కూడా అంతేనా బావా?" అని. అలా కాదు అన్నాను. యంత్రం విషయంలో ఇది గట్టి సంగతి. పేడ గానీ గడ్డి గానీ గాలి తగలకుండా మురగబెడితే గ్యాస్ వస్తుంది, మన గోబర్ గ్యాసే. దాంట్లో మండే గ్యాస్, అంటే మీథేన్, సగం కంటే కాస్త ఎక్కువ, మిగతాది పనికిరాని కార్బన్ డయాక్సైడ్, కొంచెం కుళ్లు వాసన గ్యాస్. అవి తీసేసి, 200 బార్‌కి నొక్కితే మీ ఆటోలో ఇప్పుడున్న సిలిండర్‌లోకే పోతుంది. బండి మార్చక్కర్లేదు. అడుగున మిగిలింది ఎరువు. వీటన్నిట్లో ఇంజను మార్చకుండా పొగ నిజంగా తగ్గించేది ఇదే అని నా నమ్మకం. పేడ ఊరికే కుప్పేస్తే మీథేన్ గాల్లోకే పోతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఎనిమిది రెట్లు వేడి పుట్టిస్తుంది. కాల్చి వాడుకుంటే మేలు.

మరి పేచీ ఎక్కడ? ఆ ప్లాంటుకి పెంచుతామన్న నేపియర్ గడ్డి. ఏడాదికి ఎన్నో కోతలు వస్తాయి, నిజమే. తడి పెడితే వస్తాయి. కనిగిరిలో తాగే నీళ్లకే ఫ్లోరైడ్ బాధ. గడ్డికి నీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్నకి జవాబు వచ్చేదాకా నేను చప్పట్లు కొట్టను. ఊళ్లలో పేడ, పొగాకు కాడలు, కూరగాయల మార్కెట్టు చెత్త, వీటితో మొదలుపెడితే ముందుగా నేనే కొడతాను. దేశం మొత్తం మీద 2018లో సతత్ అని పథకం పెట్టి అయిదేళ్లలో 5,000 ప్లాంట్లు అన్నారు. ఆ దరిదాపులకి కూడా రాలేదు. గ్యాస్ తయారుచేయడం కంటే రోజూ టైముకి పచ్చి సరుకు తెచ్చుకోవడం కష్టమని అప్పుడు తేలింది.

టిప్పర్ వాళ్లు గడియారం చూస్తున్నారు. మీ దగ్గరికే వస్తున్నా. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రెండు రకాల పని ఉంది, అవునా? గుంతలోంచి వేస్టు రాయి పైకి తెచ్చి గుట్ట మీద పోసేది ఒకటి. దిమ్మెలు కృష్ణపట్నం రేవుకి చేర్చేది ఇంకొకటి. రేవుకి పోను రాను మూడు వందల కిలోమీటర్ల పైన. నలభై టన్నుల బండి కిలోమీటరుకి కనీసం 1.4 యూనిట్లు లాగుతుంది. ట్రిప్పు మొత్తానికి 450 యూనిట్ల పైన. అంత కరెంటు దాచే బ్యాటరీ బరువే మూడు టన్నులు. ఆ మూడు టన్నులు రాయి తగ్గించుకుంటారా? ఆ పనికి ఇప్పటికి మంచి డీజిలే, సర్వీసు సరిగా ఉన్న బీఎస్ 6. దారిలో బంకులు వస్తే, బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు, అదే ఎల్‌ఎన్‌జీ. క్వారీ లోపలి టిప్పరు అలా కాదు. కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, మళ్లీ అక్కడికే. రాత్రి అక్కడే నిలబడుతుంది. చూశారా, మళ్లీ అదే ప్రశ్న. దానికి కరెంటు సరిపోతుంది.

అయితే ఒక తిరకాసు ఉంది. 2022 నుంచి తిరుమల ఘాట్ మీద కరెంటు బస్సులు నడుస్తున్నాయి. దిగేటప్పుడు జనంతో నిండుగా దిగుతాయి, బ్రేకు వేసినప్పుడల్లా ఆ బరువు కరెంటుగా మారి బ్యాటరీలోకి వస్తుంది. మన క్వారీలో దిగేది ఖాళీ బండి, ఎక్కేది రాయితో. దిగుడులో వచ్చేది కొంచెమే. ఎవరైనా కంపెనీవాడు వచ్చి "ఫలానా గనిలో బండి తన కరెంటు తనే తయారుచేసుకుంది" అని వీడియో చూపిస్తే, అది కొండ మీది గని అయి ఉంటుంది. సరుకుతో దిగి ఖాళీగా ఎక్కే గని. మీ గుంతలో ట్రయల్ వేయమనండి. ఎండాకాలం వేయమనండి.

హైడ్రోజన్ గురించి చీటీ వచ్చింది. రెండు ముక్కల్లో చెప్తా. కిలో హైడ్రోజన్ నీళ్లలోంచి తీయడానికి 50 యూనిట్ల పైన కరెంటు కావాలి, దాన్ని నొక్కి పెట్టడానికి ఇంకాస్త. బండిలో తిరిగి కరెంటుగా మారితే చేతికొచ్చేది 16, 17 యూనిట్లు. అదే కరెంటు నేరుగా బ్యాటరీలో పోస్తే నలభై పైన చక్రానికి అందుతుంది. ఎరువుల ఫ్యాక్టరీకి, ఉక్కు ఫ్యాక్టరీకి హైడ్రోజన్ కావాలి. ఆటోకి వద్దు.

చివరి చీటీ. "మీరైతే ఏది కొంటారు సార్?" నేనా? నాకు రోజుకి పది కిలోమీటర్లు, సొంతిల్లు, వాకిట్లో ప్లగ్గు. కరెంటు స్కూటరే. పాతది అమ్మాలంటే ఎవరూ కొనట్లేదు, నా ట్యాంకు కథ బజారంతా తెలుసు. ఫోన్ చేసిన తమ్ముడు అద్దింట్లో ఉంటాడు, సందులో పెడతాడు. అతనికి ఇప్పటికి సీఎన్జీ అని చెప్పాను. కాలనీలో పది మంది కలిసి ఒక చార్జింగ్ మీటరు పెట్టించుకుంటే అప్పుడు మాట మారుస్తానని కూడా చెప్పాను.

టీ వచ్చినట్టుంది. తాగేవాళ్లు తాగండి. సీసాని ఎవరూ ముట్టుకోవద్దు, దాన్ని నేనే తీసుకుపోతా. సీఎన్జీ ఆటోవాళ్లు మాత్రం నాతో బయటికి రండి. వాల్వు దగ్గర ప్లేటు చూద్దాం, ఒక్కొక్క బండీ. సెల్లులో లైటు వేసుకోండి, అక్కడ చీకటిగా ఉంటుంది. ఆ మొదటి బండి ఎవరిది?